దత్తాంశ నిధిగా దస్త్ర వ్యవస్థ: పల్నాటి రిజిస్ట్రేషన్ సూచికల వెలుగులో ఒక పరిశీలన

విద్యుత్తు ఆగినా చెరగకుండా నిలిచే సమాచారాన్ని ఒక పేరుతో, ఒక హద్దుతో, ఒక ఘటకంగా కంప్యూటరులో భద్రపరచినప్పుడు దాన్ని దస్త్రం అంటాం. వాడుకలో అదే ఫైలు. డిస్కు మీద ఉన్న లక్షలాది ఖండాల్లో ఏవేవి ఏ దస్త్రానికి చెందుతాయో, ఏవి ఖాళీగా ఉన్నాయో, ఏ పేరు చెబితే ఏ ఖండాల వరుసను అందించాలో లెక్క ఉంచే విభాగం దస్త్ర వ్యవస్థ. వాడుకలో డేటాబేస్ అనే దత్తాంశ నిధి స్వభావం వేరు. అది ఒకే జాతికి చెందిన వివరాలను నిర్ణీత లక్షణాల కింద అమర్చుకుని, ఆ లక్షణాల విలువలను బట్టి కావలసినవాటిని ఏరి ఇస్తుంది. దస్త్ర వ్యవస్థకు వస్తువు ఎక్కడ ఉందో మనం చెప్పాలి. దత్తాంశ నిధికి ఎలాంటి వస్తువు కావాలో చెబితే చాలు.

ఈ రెండు ధర్మాలూ ఒక్కచోట కూడినప్పుడు, అంటే దస్త్రాలను భద్రపరిచే వ్యవస్థే వాటి లక్షణాలను కూడా గ్రహించి, వాటికి సూచికలు నిర్మించి, లక్షణాలతో అడిగిన ప్రశ్నకు తానే జవాబు చెప్పగలిగినప్పుడు, దాన్ని అన్వేషణీయ దస్త్ర వ్యవస్థ అని ఈ వ్యాసంలో వ్యవహరిస్తాను. దీని మూలసూత్రం కంప్యూటరుతో పుట్టలేదు. నరసరావుపేట, మాచర్ల, గురజాల సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాలను నడిపించే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో అది ఎంతో స్పష్టమైన రూపంలో ఉంది. ఆ చట్టాన్నీ ఈ సాంకేతిక విద్యనూ పక్కపక్కన పెట్టి చదివితే రెండూ మరింత బాగా బోధపడతాయని నా విశ్వాసం.

నేడు మనం వాడే కంప్యూటర్లలో దస్త్రాల అమరిక సోపానక్రమంలో ఉంటుంది: ఒక మూల ఫోల్డరు, అందులో ఉపఫోల్డర్లు, వాటిలో మరికొన్ని, చివర దస్త్రాలు. మల్టిక్స్ అనే వ్యవస్థ కోసం డేలీ, న్యూమన్ 1965లో ప్రకటించిన రూపకల్పనలో ఈ వృక్షాకృతి స్పష్టమైన రూపం పొందింది; యూనిక్స్ ద్వారా లోకమంతా వ్యాపించింది. మూలం నుంచి దస్త్రం దాకా వచ్చే ఫోల్డర్ల పేర్ల వరుసను మార్గనామం అంటాం. మార్గనామానికి ఒక గొప్ప గుణం ఉంది: అది సందిగ్ధతకు తావివ్వదు, ఒక మార్గనామం ఒకే దస్త్రాన్ని సూచిస్తుంది. అయితే ఏ లక్షణం ముందు, ఏది తరువాత అన్న నిర్ణయం దస్త్రాన్ని దాచే నాడే జరిగిపోతుంది. వెదికేవారికి ఆ క్రమాన్ని మార్చుకునే స్వేచ్ఛ మిగలదు.

గురజాలలో ఒక దస్తావేజు లేఖరి తన కంప్యూటరులో గ్రామానికొక ఫోల్డరు, దాని లోపల సంవత్సరానికొక ఫోల్డరు పెట్టుకున్నాడనుకుందాం. దాచేపల్లి, 2019 అని చెప్పగలిగినవారికి క్షణంలో కాగితం తీసి ఇస్తాడు. ‘మా నాన్న కొన్న పొలాలన్నిటి కాగితాలూ కావాలి’ అని వచ్చినవారి కోసం మాత్రం ప్రతి గ్రామాన్నీ, ప్రతి సంవత్సరాన్నీ తెరిచి చూడవలసిందే. కొంత దాచేపల్లి పొలిమేరలో, కొంత గురజాల పొలిమేరలో ఉన్న భూమిని ఒకే విక్రయ దస్తావేజుతో అమ్మితే ఆ దస్త్రం ఏ గ్రామంలో ఉండాలి? రెండు చోట్లా ఉంచితే, ఒక ప్రతిలో తూర్పు హద్దు సవరించి రెండో ప్రతిని మరచిపోయే ప్రమాదం ఉంది. పోనీ సంవత్సరాన్ని పైకి, గ్రామాన్ని కిందికి మార్చినా కష్టం తొలగదు. ఒక రకం ప్రశ్నతో వచ్చినవారి మీద నుంచి మరో రకం ప్రశ్నతో వచ్చినవారి మీదికి జరుగుతుంది, అంతే.

ఈ లోటును చాలామంది దస్త్రం పేరుతోనే పూడ్చుకోజూస్తారు. గ్రామం, దస్తావేజు రకం, సర్వే నంబరు, ఇరుపక్షాల పేర్లు, సంవత్సరం అన్నీ కలిపి ఒక పొడవాటి పేరు పెడతారు. తెలుగులో ఇది ఎంతో దూరం సాగదు. లినక్స్‌లో విరివిగా వాడే దస్త్ర వ్యవస్థల్లో ఒక దస్త్రం పేరు 255 బైట్లకు మించరాదు. యూనికోడ్‌ను నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు పడతాయి, గుణింతపు గుర్తులూ పొల్లూ సున్నా అన్నీ విడివిడి సంకేతాలే. ‘నరసరావుపేట’ చదవడానికి ఏడక్షరాలు. సంకేతాలు 10, బైట్లు 30. అంటే పేరు మొత్తానికి 85 సంకేతాలే దక్కుతాయి, రెండు పేర్లు, రెండు ఇంటిపేర్లు, ఒక ఊరు చేరేసరికి చోటు నిండిపోతుంది. ఒకవేళ చోటున్నా, పేరులో ఇమిడ్చిన సంవత్సరాన్ని సంవత్సరమని కంప్యూటరు గుర్తించదు; దానికి అది అక్షరాల వరుస మాత్రమే.

ఇప్పుడు రిజిస్ట్రేషన్ చట్టం చూపిన మార్గాన్ని పరిశీలిద్దాం. స్థిరాస్తికి సంబంధించిన దస్తావేజులు, వీలునామాలు మినహా, ఒకటవ పుస్తకంలో చేరుతాయి. రిజిస్ట్రేషనుకు స్వీకరించిన క్రమంలోనే వాటిని పుస్తకంలోకి ఎక్కించాలి. ప్రతి సంవత్సరారంభంలో ఒకటి నుంచి వరుస సంఖ్యలు మొదలుకావాలి. ఈ అమరికలో గ్రామానికి గాని, వ్యక్తికి గాని, భూమి విలువకు గాని ప్రాధాన్యం లేదు. పొద్దున కార్యాలయం తెరవగానే వచ్చిన దస్తావేజు ముందు, సాయంత్రం వచ్చింది వెనుక. నిల్వకు ఇంతకన్నా సరళమైన పద్ధతి ఉండదు, వెదకడానికి ఇంతకన్నా కష్టమైన పద్ధతీ ఉండదు. చట్టం ఆ కష్టాన్ని నిల్వ పద్ధతి మార్చి తీర్చలేదు. నిల్వను అలాగే ఉంచి, దానికి వెలుపల రెండు సూచికలు నిర్మించమంది. ఒకటవ సూచికలో వ్రాసి ఇచ్చినవారు, వ్రాయించుకున్నవారు అందరి పేర్లూ ఉంటాయి. రెండవ సూచికలో ఆస్తి వివరాలు ఉంటాయి. వీలునామాలకు మూడవది, ఇతర దస్తావేజులకు నాలుగవది వేరుగా ఉన్నాయి.

ఇందులో ఇమిడి ఉన్న సూత్రాన్ని విడమరచి చెప్పుకోవాలి. దస్తావేజు ఒక్కసారే, ఒకే చోట నిక్షిప్తమవుతుంది. దాన్ని చేరే దారులు మాత్రం ఎన్నయినా ఉండవచ్చు. సూచికలో దస్తావేజు ఉండదు, దాని సంఖ్య, సంవత్సరం, సంపుటం, పుట ఉంటాయి. కాబట్టి రెండు గ్రామాల భూమి ఉన్న దస్తావేజుకు రెండవ సూచికలో రెండు గ్రామాల కిందా పద్దు పడుతుంది గాని, దస్తావేజుకు రెండు ప్రతులు పుట్టవు. గురజాల లేఖరికి ఎదురైన చిక్కు ఇక్కడ ఉదయించనే ఉదయించదు. ఈసీ తీయించడం అని మనం మాట్లాడుకునే ఋణభార ధ్రువపత్రం, ఆలోచించి చూస్తే, రెండవ సూచికకు వేసిన ఒక ప్రశ్నకు వచ్చిన లిఖితపూర్వకమైన జవాబు: ఫలానా గ్రామంలో, ఫలానా సర్వే నంబరులో, ఫలానా హద్దుల మధ్య ఉన్న భూమికి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు జరిగిన లావాదేవీలు ఏవి?

చట్టంలో మరో నిబంధన కూడా ఉంది. దాన్ని నేను ప్రత్యేకంగా గౌరవిస్తాను. దస్తావేజును పుస్తకంలోకి ఎక్కించిన వెంటనే, సాధ్యమైనంత వరకు, సూచికలో పద్దు వేయాలని 54వ సెక్షన్ ఆదేశిస్తుంది. నిల్వకూ సూచికకూ మధ్య కాలవ్యవధి ఉంటే ఆ వ్యవధిలో సూచిక అసత్యం పలుకుతుంది. అమ్మకం పుస్తకంలో ఉండి సూచికలో లేని ఆ కొద్ది రోజుల్లోనే అదే భూమిని మరొకరు కొంటే, వారి చేతిలోని ఈసీ నిర్దోషంగా కనిపిస్తుంది. కాగితం మీద పని చేసే మనిషికి ‘సాధ్యమైనంత వరకు’ అన్న వెసులుబాటు ఇవ్వక తప్పదు. కంప్యూటరుకు ఆ వెసులుబాటు అక్కరలేదు. నిల్వనూ సూచికనూ కలిపి ఒకే క్రియగా, జరిగితే రెండూ జరిగేట్టు, మధ్యలో కరెంటు పోతే ఏదీ జరగనట్టు నిర్వహించవచ్చు. ఈ గుణాన్ని అవిభాజ్యత అంటారు. అన్వేషణీయ దస్త్ర వ్యవస్థ అవసరమనడానికి బలమైన హేతువు ఇదే: దస్త్రాన్ని రాసే చేయి ఒకటి, సూచికను రాసే చేయి మరొకటి అయినంత కాలం అవిభాజ్యత దుర్లభం.

ఈ సంగతి బీఓఎస్ అనే నిర్వహణ వ్యవస్థ (ఆపరేటింగ్ సిస్టమ్) చరిత్రలో రుజువైంది. 1990ల మధ్యలో దాని తొలి రూపాల్లో దస్త్రాల లక్షణాలను ఒక ప్రత్యేక దత్తాంశ నిధి భద్రపరిచేది. దస్త్రాలు ఒకచోట, వాటి వివరాలు మరొకచోట ఉండటంతో రెండింటికీ పొంతన నిలపడం కష్టమైంది. తరువాత డొమినిక్ జాంపోలో, సిరిల్ మెయురియోన్ కలిసి బీఎఫ్ఎస్ అనే కొత్త దస్త్ర వ్యవస్థను నిర్మించారు. దాని నిర్మాణాన్ని వివరిస్తూ జాంపోలో 1999లో ఒక గ్రంథం వెలువరించారు. బీఎఫ్ఎస్‌లో ప్రతి దస్త్రానికీ ఎన్ని లక్షణాలైనా జతచేయవచ్చు: లక్షణానికి ఒక పేరు, ఒక జాతి, ఒక విలువ. పేరు, పరిమాణం, చివరిగా మారిన కాలం అనే మూడింటికి వ్యవస్థే సూచికలు ఉంచుతుంది. వాడుకరి కోరితే మరికొన్ని కలుపుతుంది. అందులో ఒక్కొక్క ఈమెయిలు ఒక్కొక్క దస్త్రం. పంపినవారు, విషయం, తేదీ దాని లక్షణాలు. ఫలానావారి నుంచి ఈ వారంలో వచ్చి ఇంకా చదవనివి చూపమంటే, ఏ ఫోల్డరులో ఉన్నవైనా ఒకచోట కనిపిస్తాయి. ఆ జాబితా తెరిచి ఉండగానే అలాంటి ఉత్తరం మరొకటి వస్తే అదీ వచ్చి చేరుతుంది. బీఓఎస్‌ను నిర్మించి, ఇరవై ఏళ్ల కిందటే మూతపడిన సంస్థ చేసిన ఈ పనిని హైకూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వ్యవస్థ నేటికీ కొనసాగిస్తోంది.

సూచిక వేగానికి మూలం బి-వృక్షం అనే నిర్మాణం. దీన్ని బోయింగ్ సంస్థలో పనిచేస్తున్న బేయర్, మెక్రైట్ 1970 ప్రాంతంలో రూపొందించారు. విలువలను వరుసక్రమంలో ఉంచి, ఒక్కొక్క గణుపులో నూరేసి చొప్పున అమర్చితే, ప్రతి గణుపూ తన కింద ఉన్న నూరు గణుపులకు దారి చూపుతుంది. రెండు అంచెల్లో పదివేల విలువలు, మూడంచెల్లో పది లక్షల విలువలు అందుబాటులోకి వస్తాయి. పది లక్షల దస్తావేజుల్లో ఒకదాన్ని మొదటి నుంచి చివరిదాకా చదువుతూ వెదకడానికీ, మూడు గణుపులు చదివి అందుకోవడానికీ ఉన్న తేడా ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. దీనికి చెల్లించే మూల్యమూ ఉంది. ఒక్కొక్క సూచిక పెరిగిన కొద్దీ ప్రతి రాతకూ అదనపు శ్రమ పెరుగుతుంది. కనుక దేనికి సూచిక ఉంచాలన్నది ఏ ప్రశ్నలు తరచుగా వస్తాయన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి. చట్టం నాలుగు సూచికలతో సరిపెట్టడంలో ఆ వివేకం ఉంది.

బీఎఫ్ఎస్‌లో ఒక పరిమితిని మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. కొత్త లక్షణానికి ఈ రోజు సూచిక ఏర్పరిస్తే, నేటి నుంచి రాసే దస్త్రాలే అందులో చేరుతాయి. నిన్నటి దస్త్రాలకు ఆ లక్షణం ఉన్నా సరే, వాటిని మళ్లీ రాయనిదే సూచికలోకి రావు. ఇదే పరిమితి మన రిజిస్ట్రేషన్ల శాఖలోనూ కనిపిస్తుంది. 1998 నవంబరులో కార్డ్ పేరిట ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ ప్రారంభమైంది. పుస్తకాలను విద్యుద్రూపంలో ఉంచుకునే వీలు కల్పిస్తూ కేంద్ర చట్టానికి 2001లో 16ఏ సెక్షన్ చేరింది. పాత సూచికల వివరాలను వెనక్కి వెళ్లి కంప్యూటరులోకి ఎక్కించారు గాని, ఆన్‌లైన్ ఈసీకి 1983 సరిహద్దు. అంతకు ముందటి లావాదేవీ కావాలంటే కార్యాలయానికి వెళ్లి, పాత సూచికల పుటలు తిప్పించి, చేత వెదికించాలి. 1970లలో కొన్న భూమికి వారసులైన వారు ఆన్‌లైన్‌లో ఏమీ కనిపించలేదని దిగులు పడుతుంటారు. దస్తావేజు లేకపోవడం వేరు, దాని పద్దు కంప్యూటరు సూచికలోకి ఎక్కకపోవడం వేరు. ఈ భేదం తెలిస్తే సగం ఆందోళన తగ్గుతుంది.

లక్షణాల జాతిని గురించి కొంత చెప్పాలి. సంఖ్యను సంఖ్యగా, తేదీని తేదీగా, పేరును పేరుగా వ్యవస్థ గుర్తించాలి. సర్వే నంబర్లను అక్షరాల వరుసగా నిల్వచేస్తే 10వ నంబరు 9కి ముందు వస్తుంది. 1 నుంచి 50 వరకు చూపమంటే జవాబు తప్పుతుంది. కేవలం సంఖ్యగా నిల్వచేయడమూ కుదరదు, ఉపవిభాగం జరిగిన నంబరుకు గీత, మరో అంకె, ఆపైన ఒక అక్షరం చేరుతాయి. ప్రధాన సంఖ్య ఒక లక్షణంగా, ఉపవిభాగం మరొక లక్షణంగా విడదీయడమే సరైన మార్గం. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే తరువాత, రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో భూఖండ పటాన్ని సూచించే ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. ఇక ఆ గ్రామాల భూమికి పాత నంబరు ఒక లక్షణం, కొత్త నంబరు ఇంకొక లక్షణం; రెండింటినీ కలిపే పద్దు లేకపోతే రీసర్వేకు ముందటి చరిత్ర తెగిపోతుంది.

జిల్లా పేరు కూడా ఇలాంటిదే. పల్నాడు జిల్లా నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. 1985లో మండలాలు వచ్చాయి. అంతకు ముందు తాలూకాలు. మాచర్లలోని ఒకే ఇంటి స్థలం 1960లలో రాసిన దస్తావేజులో గుంటూరు జిల్లా పల్నాడు తాలూకాలోనూ, 1995లో రాసిన దానిలో గుంటూరు జిల్లా మాచర్ల మండలంలోనూ, 2023లో రాసిన దానిలో పల్నాడు జిల్లా మాచర్ల మండలంలోనూ కనిపిస్తుంది. సోపానక్రమంలో జిల్లాను పైమెట్టుగా పెట్టుకున్న కార్యాలయం ఏం చేయాలి? పాతవాటిని కొత్త జిల్లా ఫోల్డరులోకి మారిస్తే దస్తావేజులో రాసిన మాటకూ అది ఉన్న చోటుకూ పొంతన తప్పుతుంది. మార్చకపోతే ఒక స్థలపు చరిత్ర రెండు చెట్ల మీద చీలిపోతుంది. లక్షణాల పద్ధతిలో ఈ చిక్కు విడిపోతుంది. దస్తావేజులో రాసినట్టే జిల్లా పేరును ఒక లక్షణంగా చెక్కుచెదరకుండా ఉంచి, గ్రామానికి ఎన్నటికీ మారని ఒక సంకేత సంఖ్యను రెండో లక్షణంగా జతచేస్తే, చరిత్రకు భంగం రాదు, అన్వేషణకూ ఆటంకం ఉండదు. రేపు జిల్లా సరిహద్దు మళ్లీ మారినా దస్త్రాల్లో దేన్నీ కదపనక్కరలేదు.

అన్నిటికన్నా కఠినమైనది తెలుగు పేరు. గురజాలను గురిజాల అని, నరసరావుపేటను నర్సరావుపేట అని రాసేవారు ఉన్నారు. వెంకటేశ్వర్లు, వేంకటేశ్వర్లు అన్నవి చదివేవారికి ఒకటే, సూచికకు రెండు. ఒక దస్తావేజులో ఇంటిపేరు పూర్తిగా, మరొకదానిలో పొడి అక్షరంగా ఉంటుంది. పెళ్లికి ముందు కొన్న భూమి పుట్టింటి పేరు మీద, తరువాత కొన్నది మెట్టినింటి పేరు మీద ఉండే స్త్రీల విషయం మరీ జటిలం. 1908 నాటి చట్టకర్తలు పేరు ఒక్కటే చాలదని గ్రహించి, పేరుతోపాటు నివాసం, వృత్తి, తండ్రి పేరు, లేదా తల్లి పేరుతో వ్యవహరించే ఆచారం ఉన్నచోట తల్లి పేరు సూచికలో ఉండాలన్నారు. పది మంది వెంకటేశ్వర్లు ఉన్న ఊరిలో కావలసిన మనిషిని విడదీసి చూపేవి ఈ విశేషణాలే.

కంప్యూటరు వీటికి తోడు కంటికి కనిపించని చిక్కులు తెచ్చింది. ‘సబ్‌రిజిస్ట్రారు’ అన్న మాటనే చూడండి. బకారపు పొల్లు తరువాత ఒక అదృశ్య సంకేతం ఉంటేనే అది ఇలా కనబడుతుంది. లేకపోతే రకారం వత్తుగా మారి ‘సబ్రిజిస్ట్రారు’ అవుతుంది. కొందరు మధ్యలో ఖాళీ వదులుతారు. మూడూ ఒకే మాట, మూడూ కంప్యూటరుకు వేర్వేరు అక్షరాల వరుసలు. ఐత్వాన్ని ఒకే సంకేతంతోనూ రాయవచ్చు, ఎత్వానికి కింది గుర్తు చేర్చి రెండు సంకేతాలతోనూ రాయవచ్చు. యూనికోడ్ ప్రమాణం రెండింటినీ సమానమనే చెప్పింది గాని, ఆ సమానత్వాన్ని పాటించని సాఫ్ట్‌వేర్‌కు అవి వేరే. ఇక మన ఊళ్లలోని డీటీపీ కేంద్రాల్లో ఎన్నో ఏళ్లు అను ఫాంట్లతో టైపు చేసిన దస్త్రాల సంగతి: తెర మీద, కాగితం మీద అందమైన తెలుగు, లోపల ఉన్నవి ఆంగ్లాక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంకేతాలు. యూనికోడ్‌లో ‘మాచర్ల’ అని వెదికితే అవి ఒక్కటీ దొరకవు. కనుక తెలుగుకు పనికివచ్చే సూచిక ప్రతి పేరునూ రాసినది రాసినట్టు ఒకసారి, సమీకరించిన రూపంలో మరొకసారి భద్రపరచాలి. మొదటిది సాక్ష్యానికి, రెండోది అన్వేషణకు. ఈ పని తెలుగు తెలిసినవారు చేయవలసినది. ఎక్కడో తయారైన వ్యవస్థ తనంత తాను చేసి పెడుతుందని ఆశించరాదు.

ఇంత మేలైన భావన సర్వత్రా ఎందుకు స్థిరపడలేదన్న ప్రశ్న సహజం. ఐబీఎం సంస్థ 1978లో ప్రకటించిన సిస్టమ్/38లోనే సంబంధాత్మక దత్తాంశ నిధి, నిర్వహణ వ్యవస్థలోనే అంతర్భాగంగా ఉంది. ఆ పరంపర వ్యాపార సంస్థల్లో నేటికీ నడుస్తోంది. సామాన్యుల కంప్యూటరులో దాన్ని నెలకొల్పాలని మైక్రోసాఫ్ట్ విన్‌ఎఫ్ఎస్‌ను 2003 అక్టోబరులో ప్రకటించింది. 2004 ఆగస్టులో దాన్ని రాబోయే విండోస్ నుంచి తప్పించి, 2006 జూన్‌లో ప్రత్యేక ఉత్పత్తిగా కూడా విరమించుకుంది. వ్యక్తి అంటే ఈ లక్షణాలు, ఉత్తరం అంటే ఈ లక్షణాలు, ఛాయాచిత్రం అంటే ఈ లక్షణాలు అని లోకంలోని దస్త్రాలన్నిటికీ ముందే ఒక విపులమైన నమూనా గీయబోవడమే దాని భారాన్ని పెంచిందని నా అభిప్రాయం. రిజిస్ట్రేషన్ చట్టం ఆ పని చేయలేదు. కొన్ని లక్షణాలను తప్పనిసరి చేసి, సూచికలో ఇంకేవేవి ఉండాలి, ఏ నమూనాలో ఉండాలి అన్నది కాలానుగుణంగా నిర్ణయించే అధికారాన్ని ఇన్‌స్పెక్టర్ జనరల్‌కు వదిలింది. 2005లో ఆపిల్ తెచ్చిన స్పాట్‌లైట్ మధ్యేమార్గం పట్టింది: దస్త్ర వ్యవస్థ యథాతథంగా ఉంటుంది, దస్త్రం మారిన ప్రతిసారీ వార్త అందుకుని ఒక ప్రత్యేక సూచిక తనను తాను సవరించుకుంటుంది. అవిభాజ్యత కొంత సడలినా, జనానికి అందింది ఇదే.

లక్షణాలు దస్త్రంతోపాటు ప్రయాణించవన్నది మరో పెద్ద అవరోధం. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవులోకి దస్త్రాన్ని నకలు చేస్తే, మనం అదనంగా జతచేసిన లక్షణాలను దాచే చోటు అక్కడ ఉండదు, అవి రాలిపోతాయి. మిరప చేనులో నల్లతామర పురుగు సోకిన పూలను రైతు ఫోనుతో ఫొటో తీస్తే, తీసిన తేదీ, సమయం, అనుమతించి ఉంటే అక్షాంశ రేఖాంశాలు కూడా ఆ చిత్రంలోనే నమోదవుతాయి. దాన్ని వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు తొలగిపోతాయి; డాక్యుమెంటుగా పంపితే నిలుస్తాయి. పురుగు ఏ ఊళ్లో మొదట కనిపించిందో, ఎటు విస్తరించిందో తరువాత తెలుసుకోదలచిన వ్యవసాయ అధికారికి, ఈ చిన్న భేదం వల్ల వందల ఫొటోలు సాక్ష్యాలుగా మిగలడమో, కేవలం బొమ్మలుగా మిగలడమో జరుగుతుంది.

అన్వేషణ సులభమైన కొద్దీ ఎవరు ఏది వెదకవచ్చన్న నియమం కూడా కట్టుదిట్టం కావాలి. చట్టం ఇక్కడా మార్గదర్శి. ఒకటవ, రెండవ పుస్తకాలనూ, ఒకటవ పుస్తకపు సూచికలనూ రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు. వీలునామాల మూడవ పుస్తకంలోనూ, ఇతర దస్తావేజుల నాలుగవ పుస్తకంలోనూ అన్వేషణ అధికారి మాత్రమే జరపాలి. నకలు అర్హులకే ఇవ్వాలి. వీలునామాను తెరిచి చదవనివ్వకపోయినా, ఫలానావారు వీలునామా రాశారన్న సంగతి సూచికలో కనిపిస్తే చాలు, ఒక ఇంట్లో కలహం రేగుతుంది. కాబట్టి దస్త్రానికి ఉన్న గోప్యత దాని సూచిక పద్దుకు కూడా అంతే ఉండాలి.

1983కు ముందటి సంపుటాల విషయానికి వస్తే, పుటలను స్కాన్ చేసి బొమ్మలుగా దాచినంత మాత్రాన అవి అన్వేషణీయం కావు. ప్రతి బొమ్మకూ దస్తావేజు సంఖ్య, సంవత్సరం, గ్రామ సంకేతం, సర్వే నంబరు, ఇరుపక్షాల పేర్లు, తండ్రి పేర్లు అనే లక్షణాలు మనిషి చదివి చేర్చాలి. పాత తాలూకాల పేర్లు, గొలుసుకట్టు రాత, కుంటలూ సెంట్లూ కలగలిసిన కొలతలు, గట్టునూ వాగునూ చింతచెట్టునూ హద్దులుగా చెప్పే వాక్యాలు చదవగలిగినవారు నరసరావుపేటలోను, మాచర్లలోను వృద్ధులైన లేఖరుల్లో ఇంకా ఉన్నారు. వారి పక్కన యూనికోడ్ టైపింగ్ వచ్చిన యువకులను కూర్చోబెట్టి, ఒక్కొక్క సంపుటానికి ఉన్న చేతిరాత సూచికల నుంచే పని మొదలుపెట్టవచ్చు. ఆ సూచికల్లో ప్రతి దస్తావేజుకూ కావలసిన లక్షణాలు చాలావరకు అప్పటి గుమాస్తాలు రాసి పెట్టే ఉన్నారు.